రుచి చూసినవాడి బాకీ

డబ్బిచ్చి తిన్నవాడు తినిపించినవాడికి ఇంకేమైనా బాకీ వుంటాడా? ఈ ప్రశ్న వేస్తే వ్యవహారజ్ఞానం గలవాళ్ళు నవ్వుతారు. కందిపప్పు కొన్నవాడు కందిచేను దున్నిన రైతు కష్టసుఖాలు విచారించి గాని ఇంటికి పోకూడదంటే లోకం నడవదు. హోటల్లో బిల్లు చెల్లించటంతో హోటలుకూ మనకూ వున్న సంబంధం తెగిపోతుంది. అలా తెగిపోవటమే డబ్బులో వున్న సుఖం. నేనూ అరవయ్యేళ్ళకు పైగా ఇలాగే అనుకుని బతికాను. కిందటి శీతాకాలం మద్రాసులో ఒక సాయంత్రం నాలుగు గంటలసేపు నడిచి, ఎనిమిది చోట్ల తిన్న తరవాత, ఇది అంత సులువుగా తేలే లెక్క కాదని తోచింది. ఎందుకు తోచిందో చెప్పటమే ఈ వ్యాసం పని.

మద్రాసు 1996లో చెన్నై అయింది గాని నా నోటికి ఇంకా మద్రాసే. అక్కడ మా మేనల్లుడు ఒక కంప్యూటర్ల కంపెనీలో ఉద్యోగం చేస్తున్నాడు. “మావయ్యా, నీకు చరిత్రంటే ఇష్టం, తిండంటే ఇంకా ఇష్టం. రెండూ ఒకే టిక్కెట్టు మీద చూపిస్తాను రా” అని తీసుకెళ్ళాడు. దాన్ని ఫుడ్ వాక్ అంటారు. పదీ పన్నెండుమంది కలిసి పాత పేటల్లో ఒక గైడు వెంట నడుస్తారు. గైడు ఒక్కొక్క కొట్టు ముందు ఆగి దాని పుట్టుపూర్వోత్తరాలు చెబుతుంది. చెప్పటం అయ్యాక చేతిలో ఒక దొన్నె పెట్టిస్తుంది. దొన్నె ఖాళీ అయ్యాక ఇంకో వీధి. మనిషికి రెండు వేల రూపాయలు.

మా గైడు పాతికేళ్ళ అమ్మాయి. చదువుకున్నది, చదివింది కంఠతా పెట్టి ఒప్పజెప్పే రకం కాదు. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, నా తగువు ఆ అమ్మాయితో కాదు. ఆమె చెప్పినదాంట్లో అబద్ధం లేదు. 1639లో ఈస్టిండియా కంపెనీవాళ్ళు దామెర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర సముద్రపు వొడ్డున కాస్త నేల సంపాదించి కోట కట్టుకోవటం, కోట బయట నేతగాళ్ళూ వర్తకులూ దుబాసీలూ చేరటం, ఆ పేటను తెల్లవాళ్ళు ‘నల్లవాళ్ళ పట్నం’ అనటం, 20వ శతాబ్దం తొలి యేళ్ళలో దానికి జార్జి టౌన్ అని రాజుగారి పేరు పెట్టటం, అన్నీ చక్కగా చెప్పింది. పగడాల వర్తకుల వీధి చూపించింది. అక్కడ ఒకప్పుడు యూదులుండేవారు. మధ్యధరా సముద్రం నుంచి పగడాలు తెప్పించి అమ్మి, బదులు గోలకొండ వజ్రాలు పంపేవారు. ఇప్పుడు యూదులు లేరు, వీధికి పేరు మిగిలింది. ఆర్మీనియన్ వీధిలో 1772లో కట్టిన చర్చి వుంది. దాన్ని కట్టిన జాతివాళ్ళు మద్రాసులో దాదాపు లేనట్టే. గుజరాతు, రాజస్థానాల నుంచి వచ్చిన వడ్డీ వ్యాపారుల వల్ల షావుకారుపేట ఏర్పడింది. మన కోమట్లు కన్యకాపరమేశ్వరి గుడి కట్టుకున్నారు. కంపెనీ తొలి రోజుల దుబాసీ బేరి తిమ్మప్ప తెలుగువాడని గైడు చెప్పినప్పుడు నేను మా మేనల్లుడి వంక కాస్త గర్వంగానే చూశాను.

తిండి కూడా వంక పెట్టడానికి లేదు. రెండు కరకరలాడే మురుకుల మధ్య దోసకాయ ముక్కలూ టమాటా ముక్కలూ పెట్టి, పచ్చచట్నీ రాసి ఇచ్చే తినుబండారం ఒకటుంది. దాన్ని మురుకు సాండ్‌విచ్ అంటారు. మురుకు తమిళులది, దానిమీద రాసిన చట్నీ ఉత్తరాదిది, పేరు ఇంగ్లీషువాడిది. గైడు దాన్ని పైకెత్తి, “చూశారా, ఈ వీధిలో పరాయివాడంటూ లేడు. అందర్నీ ఈ వూరు కలిపేసుకుంది” అన్నది. పన్నెండుమందిమీ సంతోషించాం. మనుషులు కొట్టుకు చస్తున్న కాలంలో, మురుకూ చట్నీ అయినా కలిసి బతుకుతున్నాయంటే ఎవరికి సంతోషం కాదు?

మూడో వీధిలోనో నాలుగో వీధిలోనో జిలేబీ కొట్టు దగ్గర ఆగాం. రాజస్థాన్ నుంచి వచ్చిన కుటుంబం, మూడు తరాల వ్యాపారం, స్వచ్ఛమైన నెయ్యి. గైడు ఈ కథ చెబుతుంటే నేను మూకుడు దగ్గర నిలబడ్డ కుర్రవాణ్ణి చూస్తున్నాను. పద్ధెనిమిదేళ్ళుంటాయేమో. గుడ్డలో పిండి మూటగట్టి, మరిగే నేతిలోకి చుట్లు చుట్లుగా పిండుతున్నాడు. చెయ్యి ఒక్కసారి కూడా తడబడదు. నాకొచ్చిన ముక్కల హిందీలో ఏ వూరని అడిగాను. నా హిందీ విని నవ్వి, “తెలుగు వచ్చండి, మాది బరంపురం దగ్గర” అన్నాడు. గంజాం జిల్లా. ఇచ్ఛాపురం దాటితే వచ్చేది, మావైపే అనుకోవచ్చు. వచ్చి ఎనిమిది నెలలయింది. నెలకు పద్నాలుగు వేలు, తిండి, కొట్టు మీది అటకలో పడక. అంతకు ముందు ఇదే మూకుడు దగ్గర వాళ్ళ పక్క వూరివాడు వుండేవాడట.

మేం తిన్నది రాజస్థాన్ జిలేబీ. చేసిన చెయ్యి గంజాం జిల్లాది. నేను గైడును పక్కకు పిలిచి, ఈ అబ్బాయి సంగతి కూడా చెప్పకూడదా అని అడిగాను. ఆమె చిరాకు పడలేదు, ఒక క్షణం ఆలోచించి, “వీళ్ళు మారిపోతూ వుంటారండి” అన్నది.

ఈ మాట నన్ను ఆ రాత్రంతా పట్టుకుంది. అది నిజమైన జవాబు. నిజం కనకనే దాంట్లో వున్నదంతా విప్పి చూడాలి. వలస వచ్చినవాడికి చరిత్ర ఎప్పుడు వస్తుంది? అతను మారిపోవటం మానినప్పుడు వస్తుంది. అంటే కొట్టు మీద తన పేరు రాయించుకున్నప్పుడు. షావుకారు పెట్టుబడితో వచ్చాడు, గంజాం కుర్రవాడు రెండు చేతులతో వచ్చాడు. ఇద్దరూ పొట్టకోసం వూరు విడిచినవాళ్ళే. కాని ఒకడి రాక చరిత్ర అయింది, రెండోవాడిది కేవలం హాజరు పట్టీ. అందర్నీ ఈ వూరు కలిపేసుకుందన్న మాటలోని ‘అందర్నీ’ ఎవరు? కలుపుకోవటానికి వీలుగా ముందే స్థిరపడినవాళ్ళు. లేదా, ఆ యూదుల్లాగా, ఇక తిరిగి రాకుండా వెళ్ళిపోయినవాళ్ళు.

ఇంతవరకూ నా ఆలోచన లోకం మీద ఫిర్యాదుగానే వుంది. ఫిర్యాదు చెయ్యటంలో కష్టం లేదు. కష్టం ఆఖరి మజిలీలో వచ్చింది.

చీకటి పడ్డాక మమ్మల్ని హార్బరు వైపుకు, బీచ్ స్టేషను దగ్గరికి తీసుకువెళ్ళారు. అక్కడ వీధి పక్కన బండ్ల మీద అత్తో అమ్ముతారు. చేత్తో కలిపిన పచ్చడిలాంటి వంటకానికి బర్మా భాషలో వున్న పేరే తమిళుల నోట అత్తో అయింది. ఎర్రగా రంగు వేసిన నూడిల్సులో క్యాబేజీ, ఉల్లిపాయ, చింతపండు పులుసు, కారం, వేయించిన వెల్లుల్లీ ఆ నూనే వేసి, చేత్తోనే కలిపి ఇస్తారు. పక్కన ఒక గుడ్డు, దాన్ని చీల్చి మధ్యలో వేయించిన ఉల్లిపాయలు కూరతారు. దాంతోపాటు ఒక గిన్నెలో అరటి దూట వేసి కాచిన వేడి వేడి చారు.

గైడు బర్మా కథ చెప్పింది. 1962లో అక్కడ సైన్యం గద్దెనెక్కటం, 1964లో కొట్లన్నీ ప్రభుత్వం స్వాధీనం చేసుకోవటం, తరతరాలుగా వున్న భారతీయులు లక్షకు పైగా కట్టుబట్టలతో వోడలెక్కి మద్రాసుకూ విశాఖపట్నానికీ చేరటం. హార్బరు పక్కనే వాళ్ళు పెట్టుకున్న కొట్లే బర్మా బజారు. ఈ బండివాడి తండ్రి కూడా అలా వోడమీద వచ్చినవాడే. అందరూ “అయ్యో” అన్నారు. నేను చారు ఒక గుక్క తాగాను. అరటి దూట వాసన ముక్కుకు తగలగానే అరవయ్యేళ్ళ కిందటి మా వసారాలో నిలబడ్డాను.

మాది శ్రీకాకుళం జిల్లా, సముద్రానికి దగ్గరి వూరు. మా తాత తమ్ముణ్ణి అందరూ రంగం తాత అనేవారు. మావైపు రంగూనును రంగం అంటారు. ఆ రోజుల్లో బతకలేనివాళ్ళు మేస్త్రీల దగ్గర అడ్వాన్సు తీసుకుని విశాఖపట్నంలోనో, భీమిలిలోనో, కళింగపట్నంలోనో వోడ ఎక్కి రంగం పోయేవారు. బర్మావాళ్ళు తెలుగు కూలీలను కోరంగీలు అనేవారు. గోదావరి ముఖాన వున్న కోరంగి రేవు పేరు మన జాతి మొత్తానికి తిట్టుగా అంటుకుంది. మా చినతాత 1920 ప్రాంతంలో వెళ్ళి రంగూను రేవులో మూటలు మోశాడు. 1941 డిసెంబరులో జపానువాళ్ళు రంగూను మీద బాంబులు వేశాక, అడవులూ కొండలూ దాటి నడిచి వచ్చిన లక్షలాది జనంలో ఆయనొకడు. ఆ దారిలో వేలాదిమంది కలరాతోనూ ఆకలితోనూ పోయారు. తెల్లవాళ్ళకొక దారీ నల్లవాళ్ళకొక దారీ పెట్టారని అప్పుడే ఆరోపణలు వచ్చాయి. ఇదంతా నేను పుస్తకాల్లో చదివి తెలుసుకున్నది. ఆయన నోట నేను విన్నది చాలా తక్కువ. కారణం, నేను అడగలేదు.

నాకు తెలిసిన రంగం తాత వసారాలో ఒక మూల వుండే ముసలివాడు. ఆయనకు వేరే కుండ, వేరే సత్తుపళ్ళెం. ఏళ్ళ తరబడి సముద్రం అవతల ఎవరి చేతి కూడు తిన్నాడో, ఎవరితో కాపురం చేశాడో అని మా నాయనమ్మ ఆయన్ని వంటింట్లోకి రానిచ్చేది కాదు. అప్పుడప్పుడు ఆయన తనే పెరట్లో మూడు రాళ్ళు పేర్చుకుని, చేపలూ అరటి దూటా వేసి చారు కాచుకుని, అన్నంలో పోసుకు తినేవాడు. మొహింగా అని బర్మావాళ్ళు ప్రతి వుదయం తినే ఫలహారం ఒకటుంది. అలాంటి చారులోనే బియ్యప్పిండి సేమ్యా వేసుకుంటారు. సేమ్యా లేక ఆయన అన్నంతో సరిపెట్టుకున్నాడని నాకిప్పుడు తెలుసు. అప్పుడు మాకు తెలిసిందల్లా అది “రంగం కంపు”. పొయ్యి వెలగగానే పిల్లలం ముక్కులు మూసుకుని ఇల్లంతా తిరిగేవాళ్ళం. మమ్మల్ని ఎవరూ కసరలేదు.

ఒకరోజు ఆయన నన్ను పిలిచి, “ఓపాలి సూడరా గుంటడా” అని ఆ అన్నం ఒక ముద్ద పెట్టాడు. నేను నోట్లో పెట్టుకుని, అందరూ చూస్తుండగా ఉమ్మేశాను. ఇంట్లోవాళ్ళు విరగబడి నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. మళ్ళీ ఎప్పుడూ పిలవలేదు.

బీచ్ స్టేషను దగ్గర బండి ముందు నేను ఆ చారు రెండో గిన్నె అడిగి తాగాను. నాలుక అదే నాలుక. చేపలు లేకపోవటం ఒక్కటే తేడా. మరి ఆనాడు కంపు కొట్టింది ఇప్పుడు కమ్మగా ఎలా వుంది? పిల్లల నోటికి పనికిరానిది పెద్దల నోటికి రుచిస్తుందనవచ్చు. కాని ఆ ఇంట్లో ముక్కు మూసుకున్నవాళ్ళు పిల్లలు మాత్రమే కాదు. మా నాయనమ్మ ఆ చారు నాలిక మీద వేసుకోకుండానే అది కంపని తేల్చేసింది.

అసలు కారణం ఆలోచించిన కొద్దీ స్పష్టమయింది. మా ఇంటికి మొత్తం మీద నాలుగెకరాలు. అన్నదమ్ములు ఇద్దరు. ఒకడు ఇరవైరెండేళ్ళు వూళ్ళో లేడు. ఆ ఇరవైరెండేళ్ళలో పై ఎకరం అతను పంపిన డబ్బుతోనే కొన్నారని నాకు చాలా కాలం తరవాత తెలిసింది. అతను ప్రాణాలతో వస్తాడని ఎవరూ అనుకోలేదు. వచ్చాడు. వచ్చినవాడికి నోరొకటీ, వాటా ఒకటీ వున్నాయి. వాటా ఇవ్వనని పైకి అనటం సిగ్గు. నీ తిండి కంపు అనటం సిగ్గు కాదు. వేరే కుండ పెట్టినవాడికి వేరే గది ఇవ్వనక్కర్లేదు. వంటింట్లోకి రానివ్వనివాణ్ణి పొలంలోకి రానివ్వకపోవటం ఎంత సేపు? ఆయన వాటా అడగకుండానే చచ్చిపోయాడు. ఆ నాలుగెకరాలు అమ్మిన డబ్బులో కొంత నా చదువుకు ఖర్చయింది.

మనకు పరాయివాడి తిండి కంపు కొట్టటమో కమ్మగా వుండటమో అతను మనల్ని ఏమైనా అడుగుతున్నాడా లేదా అన్నదాని మీద ఆధారపడి వుంటుంది. వాటా అడగని వలసవాడు రుచిగా వుంటాడు. వెళ్ళిపోయిన యూదుడు ఏమీ అడగడు. స్థిరపడిన షావుకారుకు మనల్ని అడగవలసిన అవసరం లేదు. అత్తో బండివాడు గిన్నె ఖరీదు మాత్రమే అడుగుతాడు. అదే మనిషి మన పక్కింట్లో అద్దెకు దిగుతాననీ, మన పిల్లల బడిలో తన పిల్లలకు చోటు కావాలనీ, మన రేషను దుకాణంలో తనకూ కార్డు కావాలనీ, మనం చేసే పనికి మనతో సమానంగా కూలి కావాలనీ అడిగిన రోజున అతని తాలింపు వాసన మనకు భరించరానిదవుతుంది.

బర్మాలో జరిగిందీ ఇదే. 1930 మేలో రంగూను రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. సమ్మె విరగ్గొట్టటానికి యజమానులు బర్మా కూలీలను తెచ్చారు. బేరం కుదరగానే తెలుగువాళ్ళను మళ్ళీ పనిలో పెట్టుకుని బర్మావాళ్ళను పొమ్మన్నారు. కత్తులు దూసుకున్నది కూలీలూ కూలీలూ. చచ్చినవాళ్ళు వందల్లో వున్నారు. అదే కాలంలో బర్మా పొలాల మీద అప్పులిచ్చిన చెట్టియార్లు, పంటల ధరలు పడిపోయి బాకీలు తీరక, ముఖ్యమైన వరి జిల్లాల్లో నాలుగో వంతు భూమికి సొంతదార్లయారు. బర్మా రైతుకు మూటలు మోసే తెలుగువాడూ భూమి జప్తు చేసే షావుకారూ ఒకటిగానే, ‘వలస వచ్చినవాళ్ళు’గానే కనిపించారు. ఆ కోపానికి మూల్యం చెల్లించింది ఎక్కువగా కూలివాడు. కూలీనీ షావుకారునూ ఒకే మాటతో చుట్టబెట్టటం అక్కడ రక్తపాతానికి దారితీసింది. ఇక్కడ అదే మాట ఒక సరదా సాయంత్రానికి పనికి వచ్చింది. రెండు సందర్భాల్లోనూ కూలివాడి మొహం కనబడదు.

అయితే ఇలాంటి నడకలకు పోకూడదా? ఈ సంగతి మా మేనల్లుడితో అంటే వాడు నొచ్చుకున్నాడు. “మావయ్యా, మేం వెళ్ళకపోతే ఆ బండివాడికి పన్నెండు గిన్నెలు తక్కువ అమ్ముడవుతాయి. అదేనా నువ్వు చేసే న్యాయం?” అన్నాడు. వాడి మాట కొట్టిపారెయ్యటానికి లేదు. తినకుండా బాధపడేవాడి వల్ల ఎవరికీ మేలు లేదు. ‘వాళ్ళ తిండి వాళ్ళది, మనం ముట్టుకోవటం దోపిడీ’ అనే వాదమూ నాకు నచ్చదు. మా నాయనమ్మ వేరే కుండ పెట్టినప్పుడు సరిగ్గా ఈ పనే చేసింది. పైగా, తిండి ఎవరి సొత్తూ కాదు. చేపలు తీసేసిన ఈ చారును బర్మావాడు తనదని ఒప్పుకోకపోవచ్చు. దాన్ని మద్రాసు మార్చుకుంది. అంత మాత్రాన పాపం లేదు.

డబ్బిచ్చాం కనక చెల్లు అనే వాదం దగ్గర మాత్రం నేను ఆగుతాను. ఆ సాయంత్రం నేను తిన్నవాటి ఖరీదు కట్టి చూశాను. అయిదు వందలు దాటలేదు. మిగిలిన పదిహేను వందలూ దేనికి? కథకు. తిండికన్న కథ మూడు రెట్లు ఖరీదు. గైడు కష్టపడింది, ఆమె కూలి ఆమెకు ముట్టవలసిందే. ఆమె కూడా నడకకు ఇంత అని తీసుకునేదే గాని సొంతదారు కాదు. కాని ఆ కథ ఎవరిది? వోడ దిగినవాడిది, నడిచి వచ్చినవాడిది, మూకుడు ముందు నిలబడ్డవాడిది. ఆ కథకు ధర వుందని ఒప్పుకున్నాక, అసలువాడికి అందులో కాణీ కూడా లేకపోవటం గురించి అడగకుండా ఎలా వుంటాం? లెక్క చూసుకుంటే బాకీ తేలుతోంది. డబ్బుతో సంబంధం తెగిపోతుందని మొదట అన్నానే, గిన్నె మట్టుకు అది నిజమే. మనం కొన్నది గిన్నె మాత్రమే అయితే కదా.

ఈ బాకీ ఎలా తీరుతుంది? జాలి పడితే తీరదు. గిన్నె దగ్గర ఇంకో యాభై రూపాయలు పెట్టినా తీరదు. ఈ విషయంలో నా అనుభవం నాకు చాలు. మా వీధి చివర ఒక టిఫిను హోటలుంది. ప్రతి ఆదివారం అక్కడి పూరీ తినటం నాకు అలవాటు. పూరీలు వేయించే అతను ఒడియావాడని తెలుసు, పూరీ అంత బాగా పొంగించేవాడు వూళ్ళో లేడని పదిమందికి చెప్పేవాణ్ణి కూడా. 2020 మార్చి 24 రాత్రి దేశమంతా తలుపులు మూశారు. ఏప్రిలులో ఒక మధ్యాహ్నం అతను మా గేటు ముందు నిలబడ్డాడు. హోటలు మూసేశారనీ, జీతం లేదనీ, ఇంటికి పోవటానికి రైలు లేదనీ, ఎవరితోనైనా చెప్పి దారి చూపించమనీ అడిగాడు. వలస కూలీలకు రైళ్ళు మే 1 నుంచి గాని వెయ్యలేదు. నాకు కలెక్టరాఫీసులో తెలిసినవాళ్ళు లేకపోలేదు. నేను గేటు మీదుగా రెండు వందలు ఇచ్చి, జాగ్రత్తగా వుండమని చెప్పి లోపలికి వచ్చాను. అతని పేరు అడగలేదు. నడిచి వెళ్ళాడో, ఏమయ్యాడో తెలియదు. ఆ రెండు వందలు బాకీ తీర్చటానికి ఇచ్చినవని చాలా కాలం అనుకున్నాను. గేటు వేసుకోవటానికి ఇచ్చినవని ఇప్పుడు తెలుస్తోంది.

1942లో నడిచి వచ్చినవాడి గురించి వింటూ “అయ్యో” అనటం నాకు చాతనయింది. 2020లో నడవబోతున్నవాడు గేటు ముందు నిలబడితే, అదే నోటికి మాట రాలేదు. ఇదే నేను చెప్పదలచుకున్నది. గడిచిన వలస మీద మనకున్న గౌరవం నిజమైనదా కాదా అనేది జరుగుతున్న వలస ముందు తేలుతుంది. అడిగేవాడు అడుగుతున్నప్పుడే అతనికి వాటా వుందని ఒప్పుకోవటం, అద్దె ఇంటి దగ్గరా రేషను దుకాణం దగ్గరా హాజరు పట్టీ దగ్గరా అతని పక్షాన నిలబడటం, బాకీ తీర్చటమంటే అదీ. అది రుచి అంత సుఖంగా వుండదు. మనకున్న నాలుగెకరాల్లో కొంత తగ్గుతుంది. తగ్గుతుంది కనకనే మనం కంపు అని ముక్కు మూసుకుంటాం, లేదా బాగుందని గిన్నె ఖాళీ చేసి వెళ్ళిపోతాం. రెండూ వాటా మాట రాకుండా చేసే పద్ధతులే.

రంగం తాత బాకీ నేను తీర్చలేను. తీసుకునే మనిషి లేడు. “అన్నిట్లోకీ ఏది బాగా నచ్చింది?” అని నడక చివర గైడు అందర్నీ అడిగింది. ఎక్కువమంది జిలేబీ అన్నారు. నా వంతు వచ్చేసరికి నేనేదో గొణిగాను.

వూరికి తిరిగి వచ్చాక ఆ అమ్మాయికి ఒక వుత్తరం రాశాను. ఆమె చెప్పిన చరిత్రను మెచ్చుకుని, జిలేబీ కొట్టు దగ్గర అయిదు నిమిషాలు ఆ కుర్రవాడి చేతనే తన సంగతి చెప్పిస్తే బాగుంటుందనీ, అందుకు అతనికి కూడా కొంత ముట్టజెప్పటం న్యాయమనీ సూచించాను. ఆమె వెంటనే జవాబు రాసింది. నా సూచన తనకు నచ్చిందట, యజమానిని అడిగి చూసిందట. పనివేళల్లో వాళ్ళను మాట్లాడనివ్వరట.

అయితే వాళ్ళకు పని లేని వేళ ఏదో ముందు కనుక్కోవాలి.